కౌన్సిల్ గవర్నెన్స్ రూల్స్ మారుస్తోంది, అభిప్రాయం అడుగుతోంది. ఓటు లేని మనం రాయొచ్చా?

కొత్త సభ్యుడు, మెల్‌బోర్న్ పడమర:

అందరికీ నమస్కారం. పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద కుటుంబంతో వచ్చి కొద్ది నెలలే అయింది. అద్దె ఇంట్లో ఉంటున్నాం. కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) తన గవర్నెన్స్ రూల్స్‌ని సమీక్షిస్తోందని, డ్రాఫ్ట్ చదివి అభిప్రాయం చెప్పమని లైబ్రరీలో నోటీసు చూశాను. ఇంటికొచ్చి డ్రాఫ్ట్ తెరిస్తే బోలెడు పేజీలు, అంతా చట్టం భాష.

నాకు పౌరసత్వం లేదు, ఓటు లేదు, సొంతిల్లు లేదు. నేను రాస్తే ఎవరైనా చదువుతారా? రేపు వీసాకి, పౌరసత్వానికి ఏమైనా అడ్డమవుతుందా? పిల్లల స్కూలు దగ్గర రోడ్డు దాటే చోటు ప్రమాదంగా ఉంది, దాని గురించి కౌన్సిల్ మీటింగ్‌లో ఒక ప్రశ్న అడగాలని ఉంది. దానికీ ఈ రూల్స్‌కీ ఏమైనా సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పాయింట్ కుక్ నుంచి:

తమ్ముడూ, తప్పకుండా రాయి. వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ భయం పెట్టుకోకు.

మన విక్టోరియా రాష్ట్రంలో కౌన్సిళ్లన్నీ లోకల్ గవర్నమెంట్ యాక్ట్ 2020 కింద నడుస్తాయి. కౌన్సిల్ ఎవరి కోసం పనిచేయాలో ఆ చట్టం మొదట్లోనే చెప్పింది: ఆ పరిధిలో నివసించేవాళ్లు, రేట్స్ (ఆస్తి పన్ను) కట్టేవాళ్లు, ఆ నేలకి సంప్రదాయ హక్కుదారులైన ఆదివాసులు, అక్కడ ఏదైనా కార్యక్రమమో వ్యాపారమో నడిపే మనుషులు, సంస్థలు. పౌరసత్వం ఊసే లేదు. అద్దెకున్నా నువ్వు ఆ లెక్కలో ఉన్నావు. ఓటు సంగతి వేరు. రాష్ట్ర ఓటర్ల జాబితాలో ఉన్న పౌరులకి అది దానంతటదే వస్తుంది. పౌరులు కానివాళ్లు ఇల్లు కొనుక్కుని రేట్స్ కడుతుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నీకు ఇప్పటికి ఆ రెండు దారులూ లేవు కాబట్టే ఈ అభిప్రాయాల దారిని వదులుకోకూడదంటాను.

ఇక నీ స్కూలు క్రాసింగ్. దానికీ ఈ రూల్స్‌కీ నేరుగా సంబంధం ఉంది. మీటింగ్ ఎలా నడవాలి, మేయర్‌ని ఎలా ఎన్నుకోవాలి, కౌన్సిలర్‌కి సొంత లాభం ఉన్న విషయం వస్తే ఎలా చెప్పి పక్కకి తప్పుకోవాలి, ఎన్నికల ముందు వారాల్లో ఏం చేయకూడదు, మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు) ఎలా రాసి ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ గవర్నెన్స్ రూల్స్‌లోనే ఉంటాయి. మామూలు మనిషి ప్రశ్న ఎలా అడగాలన్నది కూడా అక్కడే. మన ఊళ్లో గ్రామసభలో లేచి నిలబడి అడిగినట్టు ఇక్కడ చాలాచోట్ల కుదరదు. ప్రశ్న ముందే రాసి పంపాలి. ఎన్ని గంటల ముందు పంపాలి, ఒక్కరు ఎన్ని అడగొచ్చు, ఎన్ని మాటల్లో అడగాలి, అడిగిన మనిషి హాల్లో లేకపోతే ప్రశ్న చదువుతారా లేదా, ఏ ప్రశ్నని మేయర్ తోసిపుచ్చవచ్చు, ఇవన్నీ కౌన్సిల్‌కో రకంగా ఉంటాయి. నైట్ షిఫ్టు చేసేవాళ్లకి, చంటిపిల్లలున్న తల్లికి హాల్లో ఉండి తీరాలన్న ఒక్క నియమం చాలు నోరు కట్టేయడానికి. నీ డ్రాఫ్ట్‌లో ముందు ఆ భాగం వెతుక్కో. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకు మారుస్తారంటావా? చాలాసార్లు చట్టం మారుతుంది. మొదటి గవర్నెన్స్ రూల్స్ 2020 సెప్టెంబరు 1 లోపు పెట్టుకోవాల్సి వచ్చింది. కోవిడ్ రోజుల్లో తాత్కాలికంగా ఇచ్చిన ఆన్‌లైన్ మీటింగుల వెసులుబాటు 2022లో శాశ్వతమైంది, దానికి తగ్గట్టు మళ్లీ దిద్దుకున్నారు. ఒక్కోసారి మీటింగుల్లో జరిగేదాన్ని బట్టి మారుస్తారు. 2023 మొదట్లో యారా రేంజస్ కౌన్సిల్‌లో గొడవ చేసేవాళ్ల వల్ల మీటింగ్ ఆపేసి, కొంతకాలం జనాన్ని గ్యాలరీలోకి రానివ్వలేదు. సిబ్బంది భద్రత చూసుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కొందరి గొడవ కోసం రాసిన నియమం మర్యాదగా ప్రశ్న అడగడానికి వచ్చిన కొత్తవాడి మీద కూడా పడుతుంది. డ్రాఫ్ట్ చదివేటప్పుడు అది గమనించు.

ఈ రూల్స్‌ని మార్చేటప్పుడు జనాన్ని అడగడం కౌన్సిల్ దయ కాదు. అరవయ్యో సెక్షన్ ప్రకారం అడిగి తీరాలి. మంత్రి ఇచ్చిన మార్గదర్శకాన్ని ఉన్నదున్నట్టు చేర్చుకునే మార్పు ఒక్కదానికే మినహాయింపు.

కొత్త సభ్యుడు, మెల్‌బోర్న్ పడమర:

అక్కా, చాలా ధైర్యం వచ్చింది. ఇంకొక్కటి. నేను రాసింది ఎటు పోతుంది? చివరికి నిర్ణయం ఎవరిది? మీటింగ్ రోజు వెళ్లి చెప్తే సరిపోదా?

పాయింట్ కుక్ నుంచి:

మీటింగ్ రోజుకి దాదాపు అంతా తేలిపోయి ఉంటుంది. చాలా కౌన్సిళ్లలో నడిచే వరస ఇది. గవర్నెన్స్ విభాగంలో ఆఫీసర్లు పాత రూల్స్ తీసి, చట్టంతో, పక్క కౌన్సిళ్ల రూల్స్‌తో పోల్చి డ్రాఫ్ట్ తయారుచేస్తారు. తర్వాత కౌన్సిలర్లకి బ్రీఫింగ్ ఇస్తారు. అది బహిరంగం కాదు. అక్కడ తీర్మానం చేయడానికి వీల్లేదు, కానీ ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న మాట అక్కడే ఒక రూపానికొస్తుంది. జనం ముందు జరగాల్సిన చర్చ అక్కడ జరిగిపోవడం నాకు నచ్చదు. తర్వాత బహిరంగ మీటింగ్‌లో ‘ఈ డ్రాఫ్ట్‌ని జనం ముందు పెడదాం’ అని తీర్మానిస్తారు. నువ్వు చూసిన నోటీసు ఆ దశది. గడువు ముగిశాక ఆఫీసర్లు వచ్చిన సబ్మిషన్లన్నీ (జనం రాసి పంపిన అభిప్రాయాలు) చదివి, ఎవరేమన్నారు, దేన్ని ఒప్పుకున్నాం, దేన్ని ఒప్పుకోలేదు, ఎందుకు అని ఒక రిపోర్టు రాస్తారు. దానితో పాటు మార్పులు కనబడేలా గీతలు కొట్టిన ప్రతి ఉంటుంది. అది అజెండాతో పాటు సైటులో పెడతారు. ఆఖర్న కౌన్సిలర్లు ఓటేసి ఆమోదిస్తారు. మేయర్ ఒక్కరి నిర్ణయమూ కాదు, సీఈఓ నిర్ణయమూ కాదు.

గడువు ఎన్ని రోజులన్నది నోటీసులోనే చూసుకో. పాత చట్టంలో 28 రోజులని ఉండేది, ఆ అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. కొత్త చట్టం ఈ రూల్స్‌కి అంకె పెట్టలేదు, ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ తన ఎంగేజ్‌మెంట్ పాలసీ (జనాన్ని ఎలా సంప్రదించాలన్న పాలసీ) ప్రకారం పెట్టుకుంటుంది.

రాసేటప్పుడు పొడుగు వద్దు, ఒక పేజీ చాలు. క్లాజు నంబరు వెయ్యి. అది నీలాంటి ఇంటికి ఎలా అడ్డొస్తుందో రెండు వాక్యాల్లో చెప్పు. దాని బదులు ఏం ఉండాలో నువ్వే రాసివ్వు. ‘ప్రశ్న అడిగినవారు హాజరు కాలేకపోతే ఛైర్ చదివి జవాబివ్వాలి, రాతపూర్వక జవాబు మినిట్స్‌లో చేర్చాలి’ లాంటి వాక్యం ఇస్తే ఆఫీసర్ దాన్ని ఎత్తి రిపోర్టులో పెట్టగలరు. ‘ప్రజలకి మరింత అవకాశం ఇవ్వాలి’ అని రాస్తే ఏం చేయాలో వాళ్లకీ తెలియదు. ఈ గ్రూపులో ఒకరు రాసినదాన్ని పదిమంది కాపీ కొట్టి పంపొద్దు, అవన్నీ కలిపి ఒకటిగా లెక్కేసే ప్రమాదం ఉంది. ఎవరి ఇంటి సంగతి వాళ్లు రాయాలి. అదే రోజు మీ వార్డు కౌన్సిలర్‌కి కూడా ఒక ఈమెయిల్ పెట్టు. నీ పేరు బయటికి వస్తుందా లేదా అన్నది ఫారంలో చదివి టిక్ పెట్టు.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే టీఐఎస్ (ప్రభుత్వ దుబాసీ సేవ) నంబరు 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి, వాళ్లే కౌన్సిల్‌కి లైన్ కలుపుతారు.

క్లైడ్ నార్త్ నుంచి:

పైన అక్క చెప్పినదానికి నాది ఒక మాట. ‘ఇవన్నీ కాగితాల పని, మనకెందుకు’ అనేవాళ్లు మన సంఘాల్లో చాలామంది. మా కేసీ కౌన్సిల్ సంగతి చూడండి. భూముల జోనింగ్ (ఏ భూమిని దేనికి వాడాలన్న) నిర్ణయాల్లో ఒక డెవలపర్‌కీ కౌన్సిలర్లకీ మధ్య డబ్బు సంబంధాలున్నాయన్న ఆరోపణల మీద రాష్ట్ర అవినీతి నిరోధక సంస్థ ఐబాక్ విచారణ పెట్టింది. 2020 ఫిబ్రవరిలో మొత్తం కౌన్సిల్‌నే రద్దు చేశారు. 2024 అక్టోబరు ఎన్నికల దాకా మాకు ఎన్నికైన కౌన్సిలర్ ఒక్కరూ లేరు, ప్రభుత్వం పెట్టిన అడ్మినిస్ట్రేటర్లే నడిపారు. 2023 జులైలో ఐబాక్ ఇచ్చిన ఆపరేషన్ శాండన్ నివేదికలో 34 సిఫారసులున్నాయి. సొంత లాభం ఉన్నప్పుడు ఎలా చెప్పాలి, ఎప్పుడు గది వదిలి వెళ్లాలి అన్న నియమం ఎంత బరువైనదో ఆ నివేదిక చదివితే తెలుస్తుంది.

అలాగే ఒక విషయం తెలిస్తే శ్రమ మిగులుతుంది. కౌన్సిలర్ల ప్రవర్తనా నియమావళిని మార్చమని మీ సబ్మిషన్‌లో రాయకండి. ఒకప్పుడు ప్రతి కౌన్సిల్ ఎన్నికల తర్వాత దాన్ని సొంతంగా సమీక్షించుకునేది. 2024 అక్టోబరు 26 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే మోడల్ కోడ్, దాన్ని కౌన్సిల్ మార్చలేదు. దాని మీద చెప్పాలనుంటే మీ ఎమ్మెల్యేకి రాయాలి.

ట్రుగనీనా నుంచి:

నేను మన సంఘం తరఫున హాలు బుకింగులు, వినతిపత్రాలు చూస్తుంటాను. రెండు పనికొచ్చే సంగతులు చెప్తాను.

వినతిపత్రం నియమాలు కూడా గవర్నెన్స్ రూల్స్‌లోనే ఉంటాయి. ప్రతి పేజీ పైన వినతి మొత్తం రాసి ఉండాలా, సంతకంతో పాటు చిరునామా కావాలా, ఆన్‌లైన్ సంతకాలు చెల్లుతాయా, ఇవి చూడకుండా బతుకమ్మ రోజున వందలకొద్దీ సంతకాలు పట్టుకొస్తే చెల్లకపోవచ్చు. స్కూలు క్రాసింగ్ గురించి నువ్వు ఇరుగుపొరుగుతో సంతకాలు పెట్టించేముందు ఆ క్లాజు చదువు బాబూ. ఆన్‌లైన్ సంతకాలు లెక్కలోకి తీసుకోరని ఉంటే దాని మీద కూడా సబ్మిషన్‌లో రాయి, కొత్త కాలనీల్లో పగలు తలుపు తీసే ఇళ్లు తక్కువ.

రెండోది. కౌన్సిల్ పాలసీలన్నీ ఒకే దారిలో మారవు. కొనుగోళ్ల పాలసీని నాలుగేళ్ల పదవీకాలంలో కనీసం ఒకసారి సమీక్షించాలి. నాలుగేళ్ల కౌన్సిల్ ప్లాన్‌ని ఎన్నికల మరుసటి ఏడాది అక్టోబరు 31 లోపు ఆమోదించాలి. హాలు అద్దెలు, పార్కులో కార్యక్రమాల షరతుల్లాంటివి చాలాచోట్ల ఆఫీసర్ల స్థాయిలోనే మారిపోతాయి, కౌన్సిల్ ఓటుకి రావు. మనకి రోజూ తగిలేవి అవే. అందుకని ఏ పాలసీ డౌన్‌లోడ్ చేసినా ముందు మొదటి పేజీనో చివరి పేజీనో చూడండి: ఏ విభాగానిది, ఎవరు ఆమోదించారు, ఎప్పుడు, మళ్లీ సమీక్ష ఎప్పుడు అని చిన్న పట్టీ ఉంటుంది. ఆ సమీక్ష తేదీకి ఆరు నెలల ముందే ఆ విభాగానికి ఈమెయిల్ పెట్టి, సంఘాలతో మాట్లాడతారా అని అడగండి. ఆఫీసర్లు మొదటి డ్రాఫ్ట్ రాస్తున్నప్పుడు మన మాట చేరితే అది ఆ డ్రాఫ్ట్‌లోకే వెళ్తుంది.

నీ సబ్మిషన్ పంపాక రసీదు ఈమెయిల్ దాచుకో. రిపోర్టు అజెండాలోకి వచ్చాక నీ క్లాజు గురించి ఏమన్నారో వెతుకు. ఒప్పుకోలేదని ఉండి, కారణం సరిగా లేకపోతే మీటింగ్ ముందు రోజే మీ వార్డు కౌన్సిలర్‌కి ఫోన్ చెయ్యి. ఓటింగ్‌లో సవరణ ప్రతిపాదించే హక్కు వాళ్లకి ఉంటుంది. డ్రాఫ్ట్‌లో ఆ ప్రశ్నల భాగం అర్థం కాకపోతే ఇక్కడ పెట్టు, వాక్యం వాక్యం చదివి చెప్తాం.