తలకోన అడవిలో పిట్టలను చూడటానికి ఎన్ని రెట్ల బైనాక్యులర్ మంచిది?

ప్రశ్న (తిరుపతి):
తలకోన జలపాతానికి వెళ్ళే దారిలో, కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకుపోయిన చోట, నా 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు) అక్కరకు రావడం లేదు. పిట్ట కూత తలమీదే వినిపిస్తుంది. అద్దాలు కళ్ళకు ఆనించేసరికి ఆకులు తప్ప ఏమీ కనిపించవు. తక్కువ రెట్లది కొనడం మేలంటారా?

జవాబు (చిత్తూరు):
మేలేనండీ. దట్టమైన చెట్ల మధ్య పిట్ట దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని మరింత పెద్దగా చూపడం కన్నా చుట్టుపక్కల కొమ్మలతో సహా వెడల్పుగా చూపడమే ముఖ్యం. అందుకు సాధారణంగా 8×42 నప్పుతుంది. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం కొలత వస్తుంది. 8×42కు అది 5.25 మిల్లీమీటర్లు, మీ 10×50కు 5. అంటే వెలుగులో మీది పెద్దగా తీసిపోలేదు. చిక్కంతా చూపు వెడల్పుతోనూ, బరువుకు చేతులు వణకడంతోనూ వస్తోంది.

మరో జవాబు:
కళ్ళజోడు ఉంటే ఐ రిలీఫ్ (దృశ్యం అంచులదాకా కనిపించేలా కన్ను బైనాక్యులర్ కటకానికి ఎంత దూరంలో ఉండవచ్చో ఆ కొలత) కనీసం 15 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. రెండు మీటర్ల దూరానికి ఫోకస్ కుదురుతుందో లేదో దుకాణంలోనే పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
కళ్ళజోడు ఉంది. ఇన్నాళ్ళూ చుట్టూ నల్లటి అంచు కనిపించడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.