అప్‌డేట్: జర్మనీ హాస్టల్ గదికి వచ్చిన ప్రసార రుసుము ఉత్తరం సంగతి తేలింది

రాయగడ నుంచి రాస్తున్నాను. టీవీ గానీ రేడియో గానీ లేని మా అమ్మాయికి, జర్మనీలోని విద్యార్థి వసతి గదికి రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ (అక్కడి ప్రజా టీవీ, రేడియో ప్రసారాల కోసం వసూలు చేసే రుసుము) కట్టమని ఉత్తరం ఎందుకు వచ్చిందని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ, ముఖ్యంగా గుణుపురం నుంచి ఓపికగా రాసిన అన్నయ్యగారికి, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

గది తలుపు అందరూ తిరిగే వరండాలోకి తెరుచుకుంటుందా, లేక నలుగురికి కలిపి ఒకే వీధి తలుపు ఉందా అని ఆయన అడిగిన ప్రశ్నే దారి చూపింది. అక్కడి విద్యార్థి సేవా సంస్థ సలహాదారు కూడా అదే అడిగారట. ఈ రుసుము మనిషికి కాదు, ఇంటికి, నెలకు 18.36 యూరోలు. వరండా వెంట వరుసగా ఉన్న గదులైతే ఒక్కో గదినీ ఒక్కో ఇల్లుగా లెక్కిస్తారు. మా అమ్మాయిది వంటగది, బయటి తలుపు ఉమ్మడిగా ఉన్న నలుగురి వాటా కనుక ఒక్కరు కడితే చాలు. అప్పటికే కడుతున్న అమ్మాయి పేరు, ఆమె రుసుము సంఖ్య రాసి ఆన్‌లైన్‌లో జవాబు పంపగా, మూడు వారాలకు మా అమ్మాయి ఖాతా మూసివేసినట్లు ఉత్తరం వచ్చింది. ఇప్పుడు తలా 4.59 యూరోలు పంచుకుంటున్నారు.

టీవీ లేదన్న వాదన పనికిరాలేదు. 2013 నుంచి ఈ రుసుముకు పరికరంతో సంబంధం లేదు. బాఫోగ్ (విద్యార్థులకు జర్మనీ ప్రభుత్వమిచ్చే సహాయధనం) మినహాయింపు అది పొందేవారికే గనుక మాకు వర్తించలేదు. ఉత్తరాన్ని పట్టించుకోవద్దన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. చిరునామా నమోదు చేయించగానే ఆ వివరాలు రుసుము వసూలు చేసేవారికి చేరతాయి, జవాబు రాకపోతే వారే ఖాతా తెరుస్తారు, బకాయి ఆ ఇంట్లో చేరిన నెల నుంచే లెక్కకు వస్తుంది.