వసంతంలో పెరటి తోట, కోళ్లు, మేకపిల్లలు: కలిపి సాగేదెలా?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి):
ఉద్యోగ విరమణ తరువాత సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డాము. శిశిరంలో ఆకు రాల్చిన వేప ఇప్పుడు రాగిరంగు చిగురు తొడిగి పూతకు వచ్చింది. ఊరి బయట మోదుగలు ఆకు లేకుండానే ఎర్రగా పూశాయి. మామిడిలో పిందె నిలుస్తోంది. ఈ రోజులను తనివితీరా అనుభవించాలని ఉన్నా, నాటుకోళ్లు మల్లెపాదులను గీరి వేళ్లు బయటపెడుతున్నాయి, మేకపిల్లలు చిగురు కనిపిస్తే చాలు కొరికేస్తున్నాయి. వాటిని రోజంతా కట్టిపడేయడానికి నాకు మనసొప్పడం లేదు. అనుభవజ్ఞులు దారి చెప్పగలరు.

సమాధానం 1:
కట్టిపడేయనక్కర లేదండీ. మల్లె కొత్తగా వచ్చిన రెమ్మల మీదే మొగ్గ తొడుగుతుంది కనుక, కత్తిరింపు అయిన నాటి నుంచి మొగ్గలు విచ్చే వరకు మేక నోరు దానికి తగలకుండా చుట్టూ తుమ్మకంప వేయించండి. పాదులో ఇటుక ముక్కలు పరిస్తే కోళ్లు గీరలేవు, తేమ కూడా నిలుస్తుంది. కోళ్లను పొద్దు వాలాక వదిలితే కాసేపు పురుగులు ఏరుకుని, చీకటి పడేసరికి వాటంతట అవే గూటికి చేరతాయి. ఆ కాసేపూ అరుగు మీద కూర్చుని చూడటమే మా ఇంట్లో అందరికీ ఇష్టమైన పని. మేకలకు అవిసె రెమ్మలు కోసి వేయండి. గన్నేరు ఉంటే మాత్రం వాటిని ఆ దరిదాపులకు రానివ్వకండి, అది విషం.

సమాధానం 2:
పెట్ట పొదుగుడుకు వస్తే ఎండలు ముదరక ముందే కూర్చోబెట్టండి. 21 రోజులకు పిల్లలవుతాయి. చివరి రోజున గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి సన్నగా కిచకిచలు వినిపిస్తాయి, మనవలు వస్తే తప్పక వినిపించండి.

సమాధానం 3:
తోటలో పూత ఉన్నంత కాలం పురుగుమందు చల్లకపోతే తేనెటీగలు నిలుస్తాయి. కోయిల కూత వినడంతో సరిపెట్టుకోకుండా కాకిగూడున్న చెట్టును కూడా గమనించండి. కూసేది నల్లని మగ పక్షి. గోధుమరంగు మీద తెల్లని చుక్కలున్న ఆడది కాకి లేని అదను చూసి ఆ గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకి తన పిల్లే అనుకుని దాన్ని పెంచడం చూస్తే జాలి కలుగుతుందనుకోండి, అది వేరే మాట.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పక్కవారి గన్నేరు కొమ్మలు మా ప్రహరీ మీదుగా ఇటు వంగి ఉన్నాయి, వారితో చెప్పి రేపే కొట్టిస్తాను. కొట్టిన కొమ్మలు ఎండిపోతే ప్రమాదం ఉండదు కదా?

సమాధానం 1:
ఎండినా విషం పోదండీ. పొగ కూడా మంచిది కాదు కనుక తగలబెట్టకుండా, మేకలకు అందని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్పించండి.