శ్రీనాథుడి ఓడల పద్యం: ‘వలికా’ తర్వాత ఏముంది?

తీరవాసి: అక్టోబరులో మా బృందం హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి వెళ్తోంది. అందరూ యానాం, కాకినాడ వైపు పెద్దవాళ్ళు. వాళ్ళ కోసం కరపత్రం రాస్తూ, పైన హరవిలాసంలోని ఓడల పాదం పెడదామనుకున్నాను. ‘శరధిం గప్పలి జోంగు వల్లి వలికా’ దాకా వచ్చి ఆగిపోయాను. తర్వాత ‘సమ్మన్ల’నా, ‘సమ్మాన’నా? కరపత్రం కూడా పెడుతున్నాను, చూసి చెప్పండి.

“రీయూనియన్ ఫ్రాన్స్‌లో భాగం, చెల్లేది యూరో. కానీ యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంజెన్‌లో లేదు. యూరప్ వీసా ఉందని బయల్దేరకండి. సముద్రం అవతలి ఫ్రెంచ్ ప్రాంతాలకూ చెల్లేలా ఉండాలి. మారిషస్ నుంచి విమానంలో ముప్పావుగంట. టైము మనకంటే గంటన్నర వెనక. బళ్ళు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. ఇంగ్లీషు అన్నిచోట్లా పనిచేయదు. దుకాణంలోకి వెళ్ళగానే ముందు బోఁజూర్ అనాలి, ఆ తర్వాతే బేరం.”

లఘుగురువు: సమ్మన్లే. మత్తేభం కదండీ, పద్నాలుగో అక్షరం యతి. పాదం మొదటి ‘శ’కు అక్కడ ‘స’ సరిపోయింది. ఇక చర్చేముంది?

పాతప్రతి: ‘సమ్మాన’లోనూ మొదటిది ‘స’యే కదా మాస్టారూ! గురువు, గురువు, లఘువు కూడా అచ్చంగా అదే. ఛందస్సు ఇద్దరికీ సాక్ష్యం చెబుతోంది. తేల్చాల్సింది అర్థం. వరుసగా ఓడల పేర్లు చెబుతూ మధ్యలో సన్మానం ఎందుకు చేస్తాడు? సమ్మన్ అంటే తూర్పు సముద్రాల సంపాన్ పడవ. జోంగు చైనా జంకు ఓడ, కప్పలి తమిళుల కప్పల్.

తీరవాసి: మరి వల్లి, వలికా?

పాతప్రతి: వల్లి తమిళుల వళ్ళం పడవే అని నా నమ్మకం.

గోదారిగట్టు: వల్లి అంటే తీగ. పలకల్ని తాళ్ళతో కుట్టిన పడవ అయ్యుండొచ్చు. వలికా మాత్రం వలలు వేసే పడవ.

పాతప్రతి: ఈ పద్యంలోని వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి చేపల పడవలో కర్పూరం తెప్పించాడంటారా? కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవానికి ఆ వాసనతో వెళ్తే ఏమయ్యేదో!

దక్షిణగాలి: నేను రీయూనియన్‌లోనే సాఁపియేర్‌లో ఉంటాను. ఓడలు మీరు తేల్చండి, ముందు కరపత్రంలో సముద్రం గురించి రాయండి. సొరచేపల దాడుల వల్ల 2013 నుంచి ఇక్కడ ఎక్కడపడితే అక్కడ దిగనివ్వరు. ఎర్మితాజ్ వైపు పగడపు దిబ్బ లోపలి నీళ్ళలోనూ, కాపలా ఉన్నచోటా మాత్రమే ఈత. అగ్నిపర్వతం ఫుర్నేజ్ 2632 మీటర్లు. తెల్లవారకముందే బయల్దేరాలి, పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుంది. స్వెట్టర్ తప్పనిసరి. సిలావోస్ అనే కొండ ఊరి దారిలో నాలుగువందల మలుపులంటారు, కడుపునిండా తిని ఎక్కొద్దు. మఫాత్ లోయకు రోడ్డే లేదు, నడకో హెలికాప్టరో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను ఆశపెట్టకండి. శాకాహారులకు మరో మాట: రుగాయ్ సోసిస్ అని కనిపిస్తే అందులో మాంసం ఉంటుంది, సాధారణంగా పందిమాంసం. బోఁబోఁ పిమాఁ మాత్రం గింజలు రుబ్బి మిరపకాయ వేసి చేసిన గారే, ధైర్యంగా తినొచ్చు.

గోదారిగట్టు: పల్నాడులో జొన్నకూటికే చాటువు చెప్పాడంటారు శ్రీనాథుణ్ణి. రుగాయ్ వడ్డిస్తే సీసమాలిక వచ్చేది.

తీరవాసి: ఆ చాటువులు అన్నీ ఆయనవేనా అన్నది వేరే చర్చ, ఇప్పుడు వద్దు! దక్షిణగాలి గారూ, అక్కడివాళ్ళు మనల్ని మల్బార్ అంటారట, నిజమేనా?

దక్షిణగాలి: నిజమే. తమిళులతో కలిపి అందరికీ అదే పేరు. కానీ 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలు ఈ దీవికి వచ్చారు. అప్పటికి దీని పేరు బూర్బోఁ. మీ బృందానికి ఇది తప్పక చెప్పండి, పద్యంకంటే ముందు.

లఘుగురువు: పద్యం వెనక్కి నెట్టకండి. పద్యం మొదటి పాదంలోని తరుణాసీరి, తవాయి బర్మా రేవులు: తెనాసరిం, దవే. సరుకు తూర్పునుంచి వస్తోంది కాబట్టి వలికా కూడా మలయా మాట కావచ్చు.

పాతప్రతి: అదే పాదంలో గోవ కూడా ఉంది. అది పడమర.

తీరవాసి: రేపు అచ్చుకివ్వాలి. ‘సమ్మన్ల’ వేస్తున్నాను, వలికాకు అర్థం రాయను. ఇంకొకటి, ‘గప్పలి’ చదివి పెద్దవాళ్ళు తడబడతారేమో, ‘కప్పలి’ అని వేయనా?

గోదారిగట్టు: వేయొద్దు. గసడదవాదేశం వచ్చి ‘క’ ‘గ’ అయింది కదా.

లఘుగురువు: గసడదవాదేశం ప్రథమ మీద వస్తుంది. ‘శరధిన్’ ద్రుతాంతం, అంటే ‘న్’తో ముగిసేది; ఇది సరళాదేశం.

పాతప్రతి: సరళాదేశమైతే బిందువు ఎందుకు, అరసున్న కాదా?