గడ్డి కట్టల గోడలు, మట్టి గోడలు: కార్చిచ్చు నుంచి కాపాడుకోవడం ఎలా?

కొండవాలు:
మాది అడవి అంచున ఎండుగడ్డి కట్టలతో కట్టుకున్న ఇల్లు. గోడకు లోపలా బయటా మట్టి పూత. మొన్న కొండ అవతల కార్చిచ్చు లేచింది. మా దాకా రాలేదు గానీ రాత్రంతా వాకిట్లో బూడిద రాలింది. గడ్డి గోడలా అని చూసినవాళ్లంతా భయపెడుతుంటే నిద్ర పట్టడం లేదు. బయటి గోడల మీద సిమెంటు పూత వేయించాలనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

ఎర్రమట్టి:
వట్టి సిమెంటు జోలికి వెళ్లకండి. గోడలో చేరిన తేమ బయటికి పోలేక గడ్డి కుళ్లుతుంది. అయినా గోడ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. విడిగా పడున్న గడ్డి భగ్గుమంటుంది గానీ, బిగించిన కట్టలోకి గాలి చొరబడదు. పైన పూత కూడా ఉంటే మంటకు దారే దొరకదు. 2006లో అమెరికాలో ఏఎస్‌టీఎం ఇ119 అనే ప్రామాణిక అగ్నిపరీక్ష పద్ధతిలో ఇలాంటి గోడలను కొలిమి మంటకు పెట్టి చూశారు. మట్టి పూత గోడ గంట, సున్నం-సిమెంటు పూత గోడ 2 గంటలు తట్టుకున్నాయి. మీరు చూడాల్సింది పూతలో నెర్రెలు. గోరు దూరేంత నెర్రె కనిపించినా మట్టితో మూసేయండి.

చూరునీడ:
ఎర్రమట్టి గారు చెప్పింది నిజమే, కానీ పరీక్షించింది గోడను, ఇంటిని కాదు. మాది అడుగున్నర మందం ముద్దమట్టి గోడల ఇల్లు. గోడకు ఏమీ కాలేదు, కప్పు పోయింది. మంట మా కంచె దాకా కూడా రాలేదు. గాలికి కొట్టుకొచ్చిన నిప్పురవ్వలు చూరు అంచున వాననీళ్లు పోయే గట్టర్‌లో పడ్డాయి. అందులో రెండు వేళ్ల మందాన ఎండాకు పేరుకుని ఉంది. ఆకు రాజుకుని చూరు చెక్కను అంటుకుంది, అక్కణ్నుంచి వాసాలు. మర్నాడు వెళ్లి చూస్తే నాలుగు గోడలూ నిలబడే ఉన్నాయి, నడుమ నల్లటి దూలాలు. ఆ గట్టర్ శుభ్రం చేయడానికి గంట పట్టేది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పరిశోధన చేసిన జాక్ కోహెన్ చెప్పింది కూడా ఇదే. ఇల్లు దక్కుతుందా లేదా అన్నది ఇల్లు ఎలా ఉంది, చుట్టూ ఓ 30 మీటర్ల లోపు ఏముంది అన్నదాన్ని బట్టే తేలుతుందని.

పాతమేస్త్రీ:
కొండవాలు గారూ, ఒక పని చేయండి. చీకటి పడ్డాక ఒకరు టార్చి పట్టుకుని అటకెక్కి చూరు వైపు వెలుగు వేయాలి, ఇంకొకరు బయట ఇంటి చుట్టూ తిరగాలి. వెలుతురు ఎక్కడ బయటికి వస్తే రవ్వ అక్కడ లోపలికి వస్తుంది. గోడ తల, వాసాలు కలిసే చోటే ఎక్కువగా దొరుకుతాయి. సందులను మట్టితో మెత్తండి. గాలి ఆడాల్సిన చోట లోహపు జాలీ బిగించండి. ఆస్ట్రేలియాలో కార్చిచ్చు ప్రాంతాల ఇళ్లకు ఏఎస్ 3959 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం జాలీ కన్ను 2 మిల్లీమీటర్లు దాటకూడదు. ప్లాస్టిక్ దోమతెర అసలు పనికిరాదు, వేడికి కరిగిపోతుంది. సన్న జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగుతుంది కాబట్టి అప్పుడప్పుడు బ్రష్ పెట్టి దులపాలి.

గోడ నుంచి మీటరున్నర లోపల కాలే వస్తువు ఏదీ ఉంచకండి. కట్టెల మోపు, చెట్ల పాదుల్లో వేసే ఎండాకు, గుమ్మం ముందు పీచు పట్టా అన్నీ తీసేయాలి. చెక్క కంచె ఇంటికి ఆనుకుని ఉంటే ఆ చివరి ముక్క కోసేసి ఇనుముది పెట్టండి. లేకపోతే అదే వత్తిలా మంటను గోడ దాకా తెస్తుంది.

వెదురుపొద:
నిప్పు అంటకుండా వెదురుకు, చెక్కకు బోరాక్స్ (వెలిగారం) పట్టిస్తే చాలంటారు కదా?

పాతమేస్త్రీ:
లోపలి వాసాలకు కొంత మేలే. బయట వానకు తడిసే చెక్కకు మాత్రం నిలవదు, నీళ్లతో పాటు కారిపోతుంది.

తడిసున్నం:
మంట ఆరింది కదా అని గడ్డి గోడను వదిలేయకండి అక్కా. మా ఇంట్లో కిటికీ మూల కొంచెం అంటుకుంటే నీళ్లు కొట్టి ఆర్పాం. రెండో రోజు స్విచ్ బోర్డు పక్కనుంచి సన్నగా పొగ. చెయ్యి ఆనిస్తే గోడ వెచ్చగా ఉంది. పూత పగలగొట్టి చూస్తే లోపల గడ్డి కుములుతూ పైకి పాకుతోంది. తడిపి, కాలిన గడ్డి మొత్తం లాగేస్తేనే ఆగింది.

కొండవాలు:
నిన్న రాత్రి టార్చి పెట్టి చూశాం. ఉత్తరం వైపు చూరు కింద జానెడు పొడవున వెలుతురు గీత. పూత ఎండి వాసం నుంచి విడిపోయినట్టుంది, చిటికెన వేలు దూరింది. లోపల గడ్డి కొసలు గరగరా తగిలాయి. నాలుగేళ్లుగా ఆ కిందే కట్టెలు పేర్చుకుంటున్నాం. పొద్దున్నే కట్టెలు తీయించి, మట్టి నానబెట్టాం.