రిజర్వ్ ఫారెస్టులోని జాకరమ్మ వనం ప్రాజెక్టు సర్వేలో పడింది: ఫారం-బి పెట్టాలా, ఫారం-సి పెట్టాలా?

వాగుగట్టు:
అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో ఒక గూడెం తరఫున అడుగుతున్నాను. ఊరికి పైన రిజర్వ్ ఫారెస్టులో జాకరమ్మ వనం ఉంది, సుమారు నాలుగెకరాలు. గుడి లేదు, విగ్రహం లేదు. మూడు రాళ్లు, ఒక పాత మద్దిచెట్టు, దాని వేళ్ల సందుల్లోంచి పుట్టే ఊట. ఆ ఊటే వాగై కింద మూడు ఊళ్ల మడులకు పారుతుంది. పంప్‌డ్ స్టోరేజ్ ప్రాజెక్టు (కింది రిజర్వాయరు నీళ్లను పైకి తోడి, మళ్లీ వదిలి కరెంటు తీసేది) పై రిజర్వాయరు కోసం సర్వే రాళ్లు పాతారు. ఒక రాయి ఊటకు నలభై అడుగుల్లోనే ఉంది. "మూడు రాళ్లే కదా, కింద మంచి గుడి కట్టిస్తాం" అంటున్నారు.

నా సందేహాలు ఇవి. అటవీ హక్కుల చట్టం కింద ఏ ఫారం పెట్టాలి? దేవాదాయ శాఖలో గుడిగా నమోదు చేయిస్తే రక్షణ ఉంటుందా? వనం మూడు ఊళ్లదీ కదా, ఎవరు పెట్టాలి? ఆడవాళ్లు వనం లోపలికి వెళ్లరు, దానివల్ల కోరం చెల్లకుండా పోతుందా? పంచాయతీ ఇప్పటికే "అభ్యంతరం లేదు" అని తీర్మానం ఇచ్చేసిందట. దాన్ని ఏం చేయాలి?

హద్దురాయి:
రెండు ఫారాలూ పెట్టండి. ఫారం-బి వాడుక హక్కుల కోసం: పూజకు వెళ్లే దారి, ఊట నీళ్లు, దుంపలు, ఆకులు, మేత. ఫారం-సి సెక్షన్ 3(1)(ఐ) కింద అడవిని కాపాడుకునే, చూసుకునే అధికారం కోసం. బి ఒక్కటే పెడితే మీ హక్కు "ఫలానా చోట పూజ చేసుకోవచ్చు" అన్న దగ్గర ఆగిపోతుంది. చోటు మార్చి పూజ చేసుకోమనడానికి అది చాలు. సి పెడితే సంప్రదాయ హద్దు మొత్తం మీ గ్రామసభ చేతికి వస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు, వనం నాలుగెకరాలే కాబట్టి నాలుగెకరాలే రాయడం. ఊట పుట్టేది చెట్టు కిందే అయినా దానికి నీళ్లు దిగేది పైనున్న వాలు నుంచి. పై రిజర్వాయరు తవ్వకం, సొరంగానికి పెట్టే పేలుళ్లు ఆ వాలులో పడితే వనంలో ఒక్క చెట్టు కొట్టకపోయినా ఊట ఎండిపోవచ్చు. అందుకని పైవాలు, ఊట, వాగు మొదలు, పూజదారి, దారిలో ఉంటే శ్మశానం, అన్నీ ఒకే హద్దులో రావాలి.

సాక్ష్యాల విషయంలో అటవీ హక్కుల చట్టం నియమాల్లోని రూల్ 13(2) మీకు బాగా పనికొస్తుంది. పవిత్ర వృక్షాలు, వనాలు, చెరువులు, నదీతీరాలు, శ్మశానాలు సాక్ష్యంగా చెల్లుతాయని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఒక్క సాక్ష్యంతో సరిపెట్టకండి, ఒకటికి మించి చూడాలన్నది రూలే. పెద్దల వాంగ్మూలాలు రాతపూర్వకంగా తీసుకోండి. మీ ఊళ్లో పూజలు చేయించే దిశారి, గురుమాయి చెప్పినదానికి తోడు పక్క ఊరి పెద్దలవి కూడా రెండు ఉంటే "మీ దేవర గురించి మీరే చెప్పుకుంటే ఎలా" అన్న మాటకు చోటుండదు. వాంగ్మూలంలో భక్తి గురించి తక్కువ, వివరం ఎక్కువ ఉండాలి: ఏ నెలలో పూజ, ఎవరు చేస్తారు, ఏ దారిన వెళ్తారు, అక్కడ ఏ చెట్టు కొట్టరు, కొడితే తప్పు (జరిమానా) ఎంత కట్టాలి. ఆ ఆఖరిది తప్పకుండా రాయించండి. అడవిని మీరు నియమం పెట్టి కాపాడుతున్నారనడానికి అదే రుజువు.

మూడు ఊళ్ల సంగతి. పోటాపోటీగా పెట్టొద్దు. మూడు ఊళ్ల గ్రామసభలు ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని, వనం ఉమ్మడిదని ఒకే మాటతో మూడు తీర్మానాలు చేయండి. హద్దుల్లో తేడా వస్తే ముందు కమిటీలే కలిసి తేల్చుకోవాలని, కుదరకపోతేనే రెవెన్యూ డివిజన్ స్థాయి కమిటీకి పంపాలని రూల్ 12లో ఉంది. ఊళ్ల మధ్య తేడా కనిపిస్తే దాన్ని పట్టుకునే చీల్చుతారు. రాజకీయం మొదలయ్యేది అక్కడే.

జీపీఎస్ గురించి ఒక మాట. చెట్ల కింద ఫోను పది మీటర్లకు పైగా తప్పు చూపించవచ్చు. ప్రతి హద్దు దగ్గరా రెండు నిమిషాలు కదలకుండా నిలబడి రీడింగ్ తీసుకోండి. పక్కనే గుర్తు రాయండి: "గండశిల", "వాగు మలుపు". రాసేటప్పుడు 17.30 డిగ్రీలు వేరు, 17 డిగ్రీల 30 నిమిషాలు వేరు. 17.30 అంటే 17 డిగ్రీల 18 నిమిషాలు. ఈ ఒక్క తప్పుతో మీ వనం మ్యాపులో 22 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. ఇక దరఖాస్తును పక్కన పడేయడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

మినిట్స్‌పుస్తకం:
కోరం, తీర్మానం గురించి నేను చెబుతాను. కాగితాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ అంటే గూడెం సభ. పంచాయతీ ఆఫీసులో సర్పంచి, కార్యదర్శి సంతకాలతో ఇచ్చిన కాగితం అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ తీర్మానం కాదు. మొత్తం వయోజనుల్లో కనీసం సగం మంది హాజరవ్వాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. గూడెంలో 132 మంది పెద్దవాళ్లుంటే 66 మంది రావాలి, 66 మందే వస్తే అందులో 22 మంది ఆడవాళ్లు. పంచాయతీ తీర్మానం హాజరు పట్టీ నకలు సమాచార హక్కు కింద అడగండి. మీ గూడెం నుంచి ఎంతమంది సంతకాలున్నాయో లెక్కపెడితే సగం పని అక్కడే తేలుతుంది.

ఆడవాళ్లు వనంలోకి వెళ్లరన్నది కోరానికి అడ్డం కానే కాదు. సభ వనంలో పెట్టొద్దు, ఊళ్లో చింతచెట్టు కిందో బడి దగ్గరో పెట్టండి. ఊట నీళ్లు మోసేది, దుంపలు తవ్వేది, వాగు ఎప్పుడు తగ్గిందో చెప్పగలిగేది ఆడవాళ్లే. వాళ్ల మాటలు విడిగా రాయించి వేలిముద్రలు తీసుకోండి.

తీర్మానంలో ఈ నాలుగు ముక్కలు ఉండాలి: హద్దులు గుర్తులతో సహా, హక్కుల గుర్తింపు ఇంకా పూర్తికాలేదన్న మాట, పంచాయతీ ఇచ్చిన తీర్మానం మా గ్రామసభది కాదన్న మాట, సెక్షన్ 5 కింద మా సాంస్కృతిక, ప్రకృతి వారసత్వాన్ని దెబ్బతీసే పనులను ఆపే అధికారం గ్రామసభకు ఉందన్న మాట. ఖాళీ కాగితం మీద ఒక్క సంతకం కూడా పెట్టించొద్దు. పేజీలకు నంబర్లు వేసిన పుస్తకంలోనే రాసి, చివరి వరుస కింద గీత కొట్టేయండి.

హద్దుల తనిఖీకి అటవీ, రెవెన్యూ సిబ్బందికి ముందే రాతపూర్వకంగా కబురు పెట్టండి. వస్తే సంతకం, హోదా, తేదీ వేయాలి. రాకుండా తర్వాత అభ్యంతరం చెబితే మళ్లీ తనిఖీకి వెనక్కి పంపుతారు. రెండోసారీ రాకపోతే ఆ తనిఖీపై గ్రామసభ నిర్ణయమే ఖాయం. ఇది రూల్ 12ఏ. కాబట్టి కబురు పంపిన కాగితంపై తేదీతో రశీదు ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు పుస్తకానికి అంటించండి.

"గడువు అయిపోయింది" అనేవాళ్లు ఉంటారు. దరఖాస్తులకు ఇచ్చే మూడు నెలల గడువును కారణం రాసి పొడిగించే అధికారం గ్రామసభదే. అప్పీలుకు డివిజన్ కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి వెళ్లాలంటే మాత్రం ఒక్కోదానికి 60 రోజులే. ఆ తేదీ తప్పొద్దు.

ఊటబావి:
పైవాళ్లు చెప్పింది మీ కాగితాల సంగతి. ప్రాజెక్టు కాగితాలూ చూడాలి.

అనుమతుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికితే అటవీ భూమి మళ్లింపు దరఖాస్తు, కేఎంఎల్ ఫైలు (ప్రాజెక్టు హద్దుల మ్యాపు), పెట్టిన గ్రామసభ తీర్మానాలు సాధారణంగా దొరుకుతాయి. కేఎంఎల్‌ను గూగుల్ ఎర్త్‌లో తెరిచి, మీ హద్దు బిందువులు దాని మీద వేయండి. వనం రిజర్వాయరులో మునుగుతోందా, మట్టి పోసే స్థలంలో పడుతోందా, రోడ్డు కింద పోతోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. మీ అభ్యంతరం ఆ భాగం పేరుతో రాయండి.

రోడ్డు దగ్గర మరీ జాగ్రత్త. ఊరికి రోడ్డు వేస్తామని సెక్షన్ 3(2) కింద తీర్మానం అడుగుతారు. ఆ సెక్షన్‌లో ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా అనుమతి ఉంది. ఊరికి రోడ్డు కావాలి, కాదనక్కర్లేదు. కానీ ఎక్కడ మొదలై ఏ ఇంటి దగ్గర ఆగుతుందో తీర్మానంలో రాయండి. లేకపోతే అదే తీర్మానం చూపించి రోడ్డును కొండమీది ప్రాజెక్టు దాకా ఎక్కిస్తారు. పైగా రోడ్లు, విద్యుత్ లైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని 2013 ఫిబ్రవరిలో కేంద్రం సడలింపు ఇచ్చింది.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ వేరు, గ్రామసభ వేరు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సారాంశం తెలుగులోనూ ఉండాలి. అక్కడ కోరం లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే. కాబట్టి బహిష్కరించినా, రాతలో అభ్యంతరం మాత్రం ఇచ్చి రండి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో ఆరాధనా స్థలాల పట్టిక చూడండి. మీ వనం పేరు లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం, జీపీఎస్ అంకెలతో సహా. అనుమతి వచ్చేస్తే హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు.

ఒడిశాలో నియమగిరి కొండపై బాక్సైట్ తవ్వకం కేసులో వచ్చిన తీర్పు (2013 ఏప్రిల్ 18) గురించి అందరూ చెబుతారు. అందులో సుప్రీంకోర్టు, తవ్వకం వల్ల అక్కడి గిరిజనులు తమ దేవుడు నియమరాజును కొలిచే హక్కుకు ఏ విధంగా దెబ్బ తగిలినా ఆ హక్కును కాపాడాల్సిందేనంది, తేల్చే పని గ్రామసభలకు అప్పగించింది. జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో 12 గ్రామసభలూ వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కోందులు ఒక రాయినో చెట్టునో చూపలేదు, కొండంతా నియమరాజుదేనన్నారు. హద్దురాయి గారు హద్దు పెద్దగా రాయమన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే ఆ తీర్పు తానంతట తాను మీ కొండకు వర్తించదు. 2022 అటవీ సంరక్షణ నియమాల తర్వాత హక్కుల చట్టం అమలు చూసుకునే బాధ్యతను రాష్ట్రం మీదికి నెట్టారు, కేంద్రం అనుమతి ముందే రావచ్చు. తీరిగ్గా తర్వాత పెడదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

సమతా తీర్పు (1997) మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. అది షెడ్యూల్డ్ భూమిని గిరిజనేతర ప్రైవేటువాళ్లకు లీజుకివ్వడాన్ని ఆపింది, ప్రభుత్వ సంస్థలను ఆపలేదు. మడులు, ఇళ్ల స్థలాలు సేకరిస్తే మాత్రం 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 ప్రకారం గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సమ్మతి కావాలి. రాష్ట్ర సవరణ సామాజిక ప్రభావ అంచనాను తప్పించింది, సెక్షన్ 41ను కాదు.

వాగుగట్టు:
అందరికీ ధన్యవాదాలు. దేవాదాయ శాఖ ప్రశ్న మిగిలింది. కుర్రాళ్లు ఈలోపు సిమెంటు గద్దె కట్టి రేకులు వేద్దామంటున్నారు, గుడి కనిపిస్తే కదిలించరని.

హద్దురాయి:
వద్దు, రెండూ వద్దు. రిజర్వ్ ఫారెస్టులో కొత్త కట్టడం కడితే మీమీదే కేసు పెట్టే అవకాశం ఇచ్చినట్టు. పైగా గుడికి విలువ కట్టొచ్చు, పరిహారం లెక్కేయొచ్చు, కింద ఇంకో గుడి కట్టి చూపించొచ్చు. ఊటకూ మద్దిచెట్టుకూ అలా కుదరదు. జాకరమ్మ గోడలు లేకుండా ఉండడమే మీ వాదనకు బలం. దేవాదాయ శాఖ చట్టం సంస్థలకూ వాటి ఆస్తులకూ సంబంధించింది, అడవి మీద హక్కు అది ఇవ్వదు.

ఇంకొక జాగ్రత్త. మ్యాపులో వనం వెలుపలి హద్దే గీయండి. రాళ్లు సరిగ్గా ఎక్కడున్నాయో, లోపల ఏం చేస్తారో రాయక్కర్లేదు, చట్టం అది అడగదు. వాట్సాప్ గ్రూపుల్లో లొకేషన్ పెట్టొద్దు, గుప్తనిధుల కోసం పాత రాళ్ల కింద తవ్వేవాళ్లు ఉన్నారు. ఫొటోలు తేదీతో, వాలు మొత్తం కనబడేలా దూరం నుంచి తీయండి, ఆ సర్వే రాయి కూడా అందులో పడాలి. దాన్ని పీకొద్దు. దానిమీది నంబరు నోట్ చేసుకుని తీర్మానంలో ఎక్కించండి.