నీటికాసులు ముందే పట్టడానికి పీఈఆర్‌జీ: మన ఊళ్లలో పనికొస్తుందా?

పర్లాకిమిడి ఆప్టోమెట్రిస్టు: కంటి వెనక నరాల పొర మందం కొలిచే ఓసీటీ, చూపు ఎంతమేర ఉందో చూసే ఫీల్డ్ మిషను ఉన్నాయి. ఇప్పుడు ప్యాటర్న్ ఈఆర్‌జీ (పీఈఆర్‌జీ) కూడా తెద్దామంటున్నారు: తెరమీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటే కంటి నుంచి వచ్చే చిన్న కరెంటు సిగ్నల్ రాసే పరీక్ష. నరాల పొర పల్చబడకముందే చూపుని మెదడుకి పంపే గాంగ్లియన్ కణాల నీరసం దీంట్లో తెలుస్తుందంటారు. తేవచ్చా?

జయపురం టెక్నీషియన్: వద్దండి. వచ్చే సిగ్నలే పది మైక్రోవోల్టులు దాటదు. పక్కన ఇన్వర్టరుంటే కరెంటు 50 హెర్ట్జ్ రొద దాన్ని మింగేస్తుంది.

గుణుపురం నేత్ర సహాయకుడు: ఆ 50 హెర్ట్జ్‌నే కోసేసే నాచ్ ఫిల్టర్ వేస్తే పోదా?

బరంపురం ఈఆర్‌జీ గది: నాచ్ మాత్రం వేయకండి, అల ఆకారమే మారిపోతుంది. రొద పుట్టేచోటే ఆపాలి: ఇన్వర్టరు పక్క గదికి మార్చండి, ఎర్తింగ్ చూపించండి, ఎలక్ట్రోడ్ వైర్లు ఒకదానికొకటి చుట్టి పెట్టండి. చర్మం రుద్ది ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి చర్మం దగ్గర అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపుకి తేవాలి. గళ్లు 0.8 డిగ్రీలు, సెకనుకు 4 తారుమార్లు, కనీసం 100 స్వీపులు (ఒక్కో తారుమారుకి ఒక్కో రికార్డు), ఆ మొత్తం ఇంకోసారి. తెర దూరానికి సరిపడా అద్దాలు పెట్టాలి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయకూడదు. రిఫరెన్స్ (పోల్చి చూసే) ఎలక్ట్రోడ్ అదే కంటి బయటి మూల పక్కన. చెవి దగ్గర పెడితే రెండో కంటి సిగ్నల్ కలుస్తుంది.

జయపురం టెక్నీషియన్: కంటికి తగిలించే సన్నటి దారం ఎలక్ట్రోడ్ సంగతి చెప్పలేదు. కింది రెప్ప అంచున ఉండాల్సింది రెప్పలోపలికి జారితే అల ఎత్తు తగ్గుతుంది. దాన్ని జబ్బు అనుకుంటారు.

బరంపురం ఈఆర్‌జీ గది: అందుకేగా రెండుసార్లు తీయమన్నాను! రెండు అలలూ ఒకదానిమీద ఒకటి కూర్చోకపోతే ఆ రికార్డు పక్కన పడేయాలి.

రాయగడ మెడికల్ షాపు: శుక్లం ఉన్నవాళ్లకో?

బరంపురం ఈఆర్‌జీ గది: బొమ్మే మసకైతే పీఈఆర్‌జీ తగ్గుతుంది, నమ్మకూడదు. వాళ్లకి నీలి వెలుగు మీద ఎర్ర మెరుపు కొట్టి పీహెచ్‌ఎన్‌ఆర్ (మెరుపుకి గాంగ్లియన్ కణాల నుంచి వచ్చే అల) చూడొచ్చు. దానికి అద్దాలు అక్కర్లేదు గానీ పాప పెద్దదవ్వాలి. ముందు గోనియోస్కోపీ చేసి, కంట్లో నీరు బయటికిపోయే కోణం చూడకుండా ఆ చుక్కలు వేస్తే, కోణం ఇరుకున్నవాళ్లకి కంటి ప్రెషరు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

జయపురం టెక్నీషియన్: మళ్లీ దారం దగ్గరికే వస్తాను...

బరంపురం ఈఆర్‌జీ గది: దారం, దారం! ఫీల్డ్‌లో మచ్చ తేలేసరికి పావువంతు పైగా కణాలు పోయుంటాయి. పోయినవి తిరిగి రావు. అందాకా కూర్చోమంటారా?

జయపురం టెక్నీషియన్: కూర్చోమనలేదు. ఎన్95 (పీఈఆర్‌జీలో గాంగ్లియన్ కణాలు చూపే అల) తగ్గినంత మాత్రాన నీటికాసులని కాదు, వేరే ఆప్టిక్ నరం జబ్బుల్లోనూ తగ్గుతుంది. ఆ ఒక్క అల చూసి జీవితాంతం ప్రెషరు తగ్గించే చుక్కలు రాసేయడమే నాకు ససేమిరా నచ్చదు. 2002లో వచ్చిన ఓహెచ్‌టీఎస్ అధ్యయనం చూడండి: ప్రెషరు ఎక్కువున్నా నరం బాగున్నవాళ్లలో, మందు లేకుండా అయిదేళ్లలో జబ్బు తేలింది 9.5 శాతానికి, మందుతో 4.4 శాతానికి. మందు లేకపోయినా నూటికి తొంభైమందికి ఏమీ కాలేదు. కొండమీంచి దిగి నెలనెలా సీసా కొనాల్సింది వాళ్లే.

బరంపురం ఈఆర్‌జీ గది: సగానికి పైగా తగ్గిందని మీ లెక్కే చెప్తోంది. ఆ తొమ్మిదిమంది ఎవరో ముందే ఏరడానికే నేను ఈ పరీక్ష అడుగుతున్నాను.

పర్లాకిమిడి ఆప్టోమెట్రిస్టు: అయితే ఒకటి చెప్పండి ఇద్దరూ. ప్రెషరు 25, కార్నియా మందం మామూలు, ఓసీటీ శుభ్రం, పీఈఆర్‌జీ రెండుసార్లూ తక్కువ. చుక్కలు మొదలెడతారా?

బరంపురం ఈఆర్‌జీ గది: మొదలెడతాను.

జయపురం టెక్నీషియన్: మూడు నెలలాగి ఓసీటీ, ఫీల్డ్ మళ్లీ తీయిస్తాను. మనిషి రాకపోతే కబురు పంపిస్తాను.